క్వార్టరు పెరట్లో పచ్చడి పంట

బదిలీ ఉత్తర్వు అందిన నాడు ఇంటి సామగ్రినంతా లారీకెక్కించగలం గాని పెరటిని ఎక్కించలేం. 2017లో మేము మధ్యభారతంలోని ఒక టౌన్‌షిప్పుకు బదిలీపై వెళ్లినపుడు మా అమ్మగారు కూడ మాతో వచ్చారు. భాష తెలియని ఊరు, మాట కలిపేవారు లేరు. నెల తిరగకముందే ఆమెకు అన్నం సహించడం మానింది. బజారు నుంచి టమాటాలు, కొత్తిమీర తెచ్చి పచ్చడి చేయించాము. ఒక్క ముద్ద తిని, "కోసిన మూడోనాటి కొత్తిమీరకు వాసనెక్కడిదిరా?" అన్నారు. క్వార్టరు వెనుకనున్న ఖాళీ జాగా అప్పుడు మా కంటబడింది.

తొలి యేటి పాఠం

ఆత్రంకొద్దీ వానకాలంలోనే ఇరవై టమాటా మొక్కలు నాటాము. నెలలోపే ఆకులు పైకి ముడుచుకొని, మొక్కలు గిడసబారినవి. బలం చాలలేదనుకొని గుప్పెడేసి యూరియా చల్లాము. తెగులు తగ్గలేదు సరికదా, లేత చిగుళ్లకు తెల్లదోమ మరింత ముసిరింది. అది ఆకుముడత వైరస్ అనీ, తెల్లదోమ ద్వారా వ్యాపిస్తుందనీ, సోకిన మొక్కకు మందు లేదనీ పొరుగు క్వార్టరు మిత్రులు చెప్పిన తరువాతనే మాకు తెలిసింది. ఆ యేడు చేతికందినది కిలో కాయలు మాత్రమే. అమ్మగారు ఒక్క మాటయినా అనలేదు. ఆ మౌనమే మమ్ము ఎక్కువ బాధించింది.

మరుసటి యేడు

ఈసారి వానలు తగ్గిన పిదప, సెప్టెంబరు చివర నారు పోశాము. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ రకం ఆకుముడతను తట్టుకొంటుంది. ఆ విత్తనాన్ని తెప్పించి, నారుమడిపై సన్న రంధ్రాల నైలాన్ వల కప్పాము. ఇరవైయైదు రోజుల నారును రెండడుగుల ఎడంతో నాటి, ఊతకర్రలు కట్టాము. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి వారానికొకమారు పిచికారీ చేశాము. నీరు ఒకనాడు విస్తారంగాను, మరునాడు అసలే లేకుండాను పోస్తే కాయల అడుగుభాగం నల్లబడుతుంది. కనుక కొలతగా పోయాలి.

చిన్న కుటుంబానికి ఆరు మిరప మొక్కలు చాలును. ధనియాలను రెండు బద్దలుగా నలిపి, నానబెట్టి చల్లితే పదిరోజులలో మొలకెత్తుతాయి. నలభై రోజులకు కొత్తిమీర కోతకు వస్తుంది. పదిహేను రోజులకొక వరుస వేస్తే శీతకాలమంతా లోటుండదు. పుదీనా కొమ్మ గుచ్చితే బ్రతుకుతుంది గాని మడులన్నిటా ప్రాకుతుంది. దాని స్థానం కుండీయే. పెరడు లేని ఫ్లాటులవారు అడుగు లోతుగల పాత పెయింటు డబ్బాలకు క్రింద రంధ్రాలు చేసి, రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల ఎరువు నింపుకోవచ్చును. ఆరుగంటల ఎండ మాత్రం తప్పనిసరి.

రోటికి దూరపు బంధువు

టమాటా, మిరప రెండూ అమెరికా ఖండపు మొక్కలే. మిరప పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో మనదేశం చేరింది. మెక్సికోవారు నేటికీ వీటిని పెనంపై కాల్చి, వెల్లుల్లి, ఉప్పు చేర్చి, నల్లరాతి రోటిలో నూరి, కొత్తిమీర కలుపుతారు. దానిని వారు సాల్సా అంటారు. మనం నూనెలో మగ్గించి, జీలకర్ర చేర్చి, పోపు పెడతాము. భేదం అంతమాత్రమే!

2018 డిసెంబరులో తొలిపండ్లు కోసిననాడు అమ్మగారు స్వయంగా రోటి ముందు కూర్చున్నారు. ఆనాడు మారుముద్ద అడిగి వడ్డించుకొన్నారు. పొరుగింటికి గిన్నె వెళ్లింది, అటునుంచి వారి వంటకంతో తిరిగి వచ్చింది. భాష రాకున్నా ఆమెకు స్నేహం కుదిరింది.

పెరడు డబ్బు మిగులుస్తుందని మేము చెప్పబోము. 2023 జులైలో టమాటా ధర పలుచోట్ల కిలో వంద రూపాయలు దాటినపుడు మా పెరట్లోనూ కాయ లేదు. అది మాకు శీతకాలపు పంట. మిగిలినది మా అమ్మగారి ఆకలి.

2024లో మరల బదిలీ అయినది. మొక్కలను క్రొత్తగా వచ్చిన కుటుంబానికి అప్పగించి, నీరు పోసే వేళలు కూడ చెప్పి వచ్చాము. రోలు మాత్రం మాతో లారీ ఎక్కింది. ఈ క్వార్టరులోనూ మడి సిద్ధమైనది. సోదర ఉద్యోగులారా, మీరూ ఈ శీతకాలానికి గుప్పెడు ధనియాలు నానవేయండి.