బాలనటి కృష్ణవేణి

గడచిన వేసవి సెలవులకు ముందు ద్వారకా తిరుమల వాస్తవ్యుడైన ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చెను. ఆ బాలిక పద్యము చక్కగా పాడును. "మాస్టరుగారూ, మా అమ్మాయిని సినిమాలో వేషమునకు అడుగుచున్నారు. పంపవచ్చునా?" అని ఆయన ప్రశ్నించెను. ఔననుటకుగాని కాదనుటకుగాని నాకు నోరాడలేదు. అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది మన ప్రాంతమున పుట్టిన కృష్ణవేణిగారి చరిత్ర.

ఆమె 1924 డిసెంబరు 24వ తేదీన పశ్చిమ గోదావరి ప్రాంతమునందలి పంగిడి గ్రామమున జన్మించెను. తండ్రి వైద్యుడు. చిన్ననాడే ఆమె నాటకములలో వేషములు ధరించెను. 1936లో వెలువడిన సతీ అనసూయ చిత్రమునకు దర్శకులైన చిత్తజల్లు పుల్లయ్యగారు పాత్రలన్నిటికిని బాలబాలికలనే ఎన్నుకొనిరి. అనసూయ పాత్ర కృష్ణవేణికి లభించెను. త్రిమూర్తులను పసిపాపలుగా మార్చి లాలించిన తల్లి వేషమును పదునొకండేండ్ల పిల్ల ధరించుట తలచుకొన్నచో నాకిప్పటికిని నవ్వు వచ్చును.

ఆ దినములలో ఒకరు నటింప వేరొకరు పాడు పద్ధతి మన చిత్రములకు ఇంకను రాలేదు. నటించువారే మైక్రోఫోను ఎదుట పాడవలెను; స్వరము తప్పినచో ఆ దృశ్యమును మరల తీయవలసినదే. కావుననే నాటకములలో గొంతు సాధించిన పిల్లలకు అంత గిరాకి.

సాధారణముగా బాలనటుల కీర్తి పాలపండ్లతోపాటే రాలిపోవును. 1935 మొదలు 1938 వరకు అమెరికా ప్రేక్షకులను విశేషముగా ఆకర్షించిన షెర్లీ టెంపుల్ సైతము 1950లో, ఇరువదిరెండేండ్లకే, చిత్రములు విరమించెను. కృష్ణవేణి యట్లు కాలేదు. మీర్జాపురము రాజావారిని వివాహమాడి, 1947లో అదే పుల్లయ్యగారి దర్శకత్వమున గొల్లభామ యందు నాయికయయ్యెను. 1949లో మనదేశము చిత్రమును స్వయముగా నిర్మించెను. నందమూరి తారక రామారావుగారు తొలిసారి తెరపై కనబడినది అందులోనే. నూరేండ్లు నిండిన పిదప, 2025 ఫిబ్రవరి 16న ఆమె కాలధర్మము నొందెను.

అందరికిని ఇట్టి అదృష్టము పట్టునా? 1921లో చార్లీ చాప్లిన్ ప్రక్కన నటించి లోకమును ఏడిపించిన జాకీ కూగన్, పెరిగి పెద్దవాడై చూచుకొనునప్పటికి తాను ఆర్జించిన లక్షలాది డాలర్లలో మిగిలినది స్వల్పము. 1938లో కన్నతల్లిమీదనే వ్యాజ్యము వేయవలసివచ్చెను. దాని ఫలితముగా 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల ఆర్జనను కాపాడు చట్టము పుట్టెను.

మనకును 2017 నాటి నిబంధనలు కలవు. బాలుని ఆదాయములో నూటికి 20 వంతులకు తగ్గకుండ జాతీయ బ్యాంకులో వాని పేరనే నిలువ వేయవలెను. దినమునకు 5 గంటలకు మించి పని చేయింపరాదు. విశ్రాంతి లేక 3 గంటలకు మించరాదు. వరుసగా 27 దినములు దాటరాదు. చదువు ఆగకుండ ఏర్పాటు చేయవలెను. జిల్లా మేజిస్ట్రేటు అనుమతియు కావలెను.

ఈ సంగతులు ఒక కాగితముమీద వ్రాసి ఆ తండ్రికిచ్చితిని. ఆయన రెండుమారులు చదివి, "ఎంత ఇత్తురో చెప్పిరిగాని, బ్యాంకు మాట ఎత్తలేదండి" అని దానిని మడిచి జేబులో పెట్టుకొనెను. అంతవరకు మౌనముగానున్న బాలిక, "పరీక్షలనాటికి తిరిగి వత్తునా, మాస్టరుగారూ?" అని యడిగెను. ఆ మాట నేను కాగితముమీద వ్రాయలేదు. మరల తీసికొని, "చదువు" అన్నచోట క్రింద గీత గీసి యిచ్చితిని.