ముందు విన్నారు... తర్వాత చదివారు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లోని దళితవాడలకు బైబిల్ మొదట చెవుల ద్వారానే చేరింది. చదువు వచ్చినవాళ్లు తక్కువ మరి! మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ 1920లో నాగర్‌కర్నూల్‌లో బైబిల్ పాఠశాల తెరిచింది; తర్వాత అది శంషాబాద్‌కు మారింది. 'బైబిల్ స్త్రీలు' ఇంటింటికీ వెళ్లి వాక్యం చదివి, కంఠతా వచ్చేదాకా చెప్పించేవారు.

అక్షరాలొచ్చాక మరో చిక్కు... గ్రాంథికం. 'ఏలయనగా' దగ్గరే ఆగిపోయేవాళ్లకు రోజూ చదవడమే మందు. అర్థం మాత్రం బతుకులోంచీ వస్తుంది. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో పని కోసం సంతవీధిలో ఎదురుచూసే కూలీలు... వలసలెరిగిన పాలమూరుకు ఆ దృశ్యాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. సాయంత్రం వచ్చినవాడికీ, పొద్దుటినుంచి చేసినవాడికీ ఒకే కూలి ఎందుకిచ్చాడన్నదే అసలు ప్రశ్న. అక్కడ విశ్వాసి దేవుడి దయను చూస్తాడు. రోజంతా ఎండలో పనిచేసినవాడి గొణుగుడు కూడా ఆ కథలోనే ఉంది.