మండపీత డింభకాల పోషణ: కొవ్వు ఆమ్లాల పాత్ర

1. ప్రవేశిక:

2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పూర్వపు నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. పులికాట్ తీరమూ, అక్కడి మత్స్యకారుల బతుకుతెరువూ ఆ విధంగా ఈ జిల్లా పరిధిలోకి వచ్చాయి. ఇటువంటి ఉప్పునీటి ప్రాంతాల్లో దొరికే మండపీతకు ఎగుమతి విపణిలో మంచి గిరాకీ ఉంది. అయితే చెరువుల్లో పెంచే పిల్లపీతల్లో అధికభాగం ప్రకృతి నుంచి పట్టి తెచ్చినవే. ఈ పద్ధతి సహజ సంపదను తరగజేస్తుంది. దీనికి ప్రత్యామ్నాయం హేచరీ విత్తనం. తమిళనాడులోని శీర్గాళి కేంద్రంగా ఉన్న రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం ఈ దిశగా కృషి చేసింది. డింభక దశలో సంభవించే మరణాలే ఈ ఉత్పత్తికి ప్రధానమైన అవరోధం.

2. డింభక దశలు - ఆహారం:

తల్లిపీత లక్షల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి వెలువడిన డింభకం ఐదు జోయియా దశలనూ, ఒక మెగలోపా దశనూ దాటి పిల్లపీతగా మారుతుంది. ప్రతి దశలోనూ అది కుబుసం విడవాలి. హేచరీలలో తొలుత రోటిఫర్లను, తరువాత ఆర్టీమియా పిల్లలను ఆహారంగా ఇస్తారు.

3. కొవ్వు ఆమ్లాల ఆవశ్యకత:

ఒమేగా-3 వర్గానికి చెందిన ఈపీఏ, డీహెచ్‌ఏలు ఇక్కడ కీలకమైనవి. ఈపీఏలో 20 కర్బన పరమాణువులు, 5 ద్విబంధాలు ఉంటాయి. డీహెచ్‌ఏలో ఇవి వరుసగా 22, 6. కణపొరల నిర్మాణానికీ, నాడీవ్యవస్థ వికాసానికీ ఇవి అవసరం. డింభకం వీటిని తగినంతగా తయారుచేసుకోలేదు కనుక ఆహారం ద్వారానే పొందాలి. ఆర్టీమియాలో మాత్రం డీహెచ్‌ఏ దాదాపు ఉండదు.

4. ఆహారాన్ని పోషకభరితం చేయడం:

అందుచేత ఆహారజీవులకే ముందుగా పోషకాలు తినిపిస్తారు. ఈపీఏ కోసం నానోక్లోరాప్సిస్ వంటి సూక్ష్మశైవలాలను, డీహెచ్‌ఏ కోసం చేపనూనె ఎమల్షన్లను వాడతారు. అప్పుడే పొదిగిన ఆర్టీమియా ఆహారం తీసుకోదు; ఒకసారి కుబుసం విడిచిన తరువాతే దానికి వీటిని అందించాలి. గ్రహించిన డీహెచ్‌ఏలో కొంత భాగాన్ని అది తిరిగి ఈపీఏగా మార్చివేస్తుంది. కాబట్టి ఆలస్యం చేయక డింభకాలకు వేయాలి.

5. సమతుల్యత:

ఎక్కువ ఇస్తే మేలు అనుకోవడం సరికాదు. చివరి జోయియా నుంచి మెగలోపాగా మారేటప్పుడు కొన్ని డింభకాలు పాత కవచం నుంచి పూర్తిగా బయటపడలేక చనిపోతాయి. కొవ్వు ఆమ్లాల కొరతతో పాటు, వాటి ఆధిక్యం వల్ల అవయవాలు అకాలంగా ఎదగడం కూడా ఇందుకు కారణమని పరిశోధకులు గుర్తించారు.

6. ముగింపు:

హేచరీ సాఫల్యానికి పొదిగిన గుడ్ల సంఖ్య కొలమానం కాదు. పిల్లపీత దశకు చేరిన వాటి సంఖ్యే కొలమానం. తగిన పాళ్లలో, తగిన వేళకు అందిన కొవ్వు ఆమ్లాలు ఆ సంఖ్యను పెంచగలవు. తద్వారా సహజ పిల్లపీతల వేటపై ఒత్తిడి తగ్గే అవకాశం ఉంది.