టెలిఫోనులో రేడియో పాట

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట పల్లెల నుంచి కూలీలు దూర నగరాలకు వలస వెళ్ళడం తరతరాలుగా ఉన్నదే. సెల్‌ఫోను ఇంటింటికీ చేరకముందు వారి క్షేమసమాచారానికి తీగ టెలిఫోనే ఆధారం. డబ్బు లెక్కించుకొంటూ మాట్లాడే ఆ నాలుగు నిమిషాలలో ఏ రేడియో పాటో సన్నగా కలిసి వినిపిస్తే సగం మాటలు వృథా. లైను కలిసిందని అనుకోవడం సహజం. నిజానికి కలిసింది మరొక లైను కాదు.

బారుగా సాగిన లోహపు తీగ ఏదైనా రేడియో తరంగాలకు ఏంటెన్నాయే. హైదరాబాదు ఆకాశవాణి ‘ఎ’ కేంద్రాన్ని శ్రోతలు దశాబ్దాల తరబడి విన్నది 738 కిలోహెర్ట్జ్‌ల మధ్యతరంగంపైన. దాని తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు. అందులో నాలుగో వంతు, అనగా వంద మీటర్ల తీగ ఆ తరంగాన్ని చక్కగా అందుకొంటుంది. స్తంభాల మీదుగా పల్లె ఇంటికి వచ్చే తీగ తరచుగా అంతకన్న పొడవైనదే. ప్రసార కేంద్రానికి చేరువైనకొద్దీ ఈ బాధ అధికం.

అయితే తరంగం తీగలోకి వచ్చినంతమాత్రాన పాట వినిపించదు. సెకనుకు లక్షల డోలనాలను చెవి గ్రహించలేదు. వాటి నుంచి ధ్వనిని వేరుచేయడానికి, విద్యుత్తును ఒక దిశలోనే సులభంగా పోనిచ్చే భాగం కావాలి. జగదీశ్ చంద్ర బోసు గెలీనా స్ఫటికంతో రూపొందించిన శోధకానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది. తుప్పు పట్టిన తీగ అతుకు, టెలిఫోనులోని ట్రాన్సిస్టరు కూడా పిలవని పేరంటంగా అదే పని చేస్తాయి.

కనుక మొదట దోషం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలి. లైను ఇంటిలోకి ప్రవేశించే చోట, మిగిలినవన్నీ తొలగించి, ఒక్క టెలిఫోనునే కలిపి వినాలి. పాట ఆగితే దోషం ఇంటి వైరింగులోనిది. ఆగకపోతే మరొక టెలిఫోను పెట్టి చూడాలి. అప్పుడు ఆగితే దోషం మొదటి పరికరానిదే. రెండింటిలోనూ వినిపిస్తే బయటి అతుకులను లైన్‌మన్ పరీక్షించవలసి ఉంటుంది.

పరికరానిదే దోషమైతే వైరును ఫెరైట్ కడియానికి పలుమార్లు చుట్టడం ఒక ఉపాయం. మైక్రోఫోను కొనల మధ్య 0.01 మైక్రోఫారడ్ కెపాసిటరును నిపుణునిచేత అమర్చడం మరొకటి. మాటలోని 1 కిలోహెర్ట్జ్ ధ్వనికి అది సుమారు 16 వేల ఓముల అడ్డు. 738 కిలోహెర్ట్జ్‌లకు 22 ఓములే. అందువల్ల రేడియో సంకేతం పక్కదారిన పోతుంది, మాట నిలుస్తుంది.

బోరుబావి మోటారు నడిచినపుడు వినిపించే హోరు మాత్రం వేరు. అది 50 హెర్ట్జ్‌ల విద్యుత్తుది. ఈ ఉపాయాలకు లొంగదు.