యాంటీబయాటిక్ జ్వరం బిళ్ళ కాదు

యాంటీబయాటిక్ అంటే బ్యాక్టీరియాను చంపే, లేదా దాని ఎదుగుదలను ఆపే మందు. అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ వంటివి బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోకుండా అడ్డుపడతాయి. అజిత్రోమైసిన్ వంటివి అది ప్రొటీన్లు తయారు చేసుకోకుండా ఆపుతాయి. వైరస్‌కు అలాంటి గోడా లేదు, సొంతంగా ప్రొటీన్లు తయారు చేసుకునే ఏర్పాటూ లేదు. అందుకే జలుబు, ఫ్లూ, డెంగీ, ఆటలమ్మ వంటి వైరస్ జబ్బుల మీద యాంటీబయాటిక్ పనిచేయదు. గొంతు నొప్పులు, పసిపిల్లల విరేచనాలు కూడా ఎక్కువగా వైరస్‌ల వల్లే వస్తాయి.

జనంలో ఉన్న నమ్మకం దీనికి భిన్నం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 12 దేశాల్లో దాదాపు 10 వేల మందిని ప్రశ్నించి ఒక సర్వే ప్రకటించింది. జలుబు, ఫ్లూ యాంటీబయాటిక్‌తో నయమవుతాయని అందులో 64 శాతం మంది అనుకున్నారు. భారతదేశంలో అలా అనుకున్నవారు 75 శాతం. ఈ నమ్మకం బలపడడానికి కారణం ఉంది. జలుబు సాధారణంగా వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. మూడో రోజున బిళ్ళ మొదలుపెట్టి ఆరో రోజుకు తేరుకున్న మనిషి, బిళ్ళ వల్లే తగ్గిందనుకుంటాడు. మళ్ళీ జలుబు చేస్తే అదే బిళ్ళ అడుగుతాడు.

రెండో పొరపాటు వాడే తీరులో ఉంది. మెడికల్ షాపులో జ్వరమని చెప్పి, రెండు పూటలకు సరిపడా మందు అడగడం మన ఊళ్ళలో మామూలే. షాపతను స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి నాలుగు బిళ్ళలు చేతిలో పెడతాడు. ఆ ముక్క మీద ఒక్కోసారి మందు పేరు గానీ గడువు తేదీ గానీ ఉండదు. ఒళ్ళు తేలికపడగానే వాడకం ఆగిపోతుంది. మిగిలిన బిళ్ళలు డబ్బాలో చేరి, ఇంకెప్పుడో ఇంకొకరి జ్వరానికి బయటికి వస్తాయి. ఎన్ని రోజులు వాడాలన్నది జబ్బును బట్టి మారుతుంది. మూత్రకోశ ఇన్‌ఫెక్షన్ కొన్నిసార్లు కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది, క్షయకు నెలల తరబడి మందులు వాడాలి. కాబట్టి ఎప్పుడు ఆపాలో చెప్పవలసింది డాక్టరే.

మూడో పొరపాటు అన్నిటికన్నా లోతైనది. ఒళ్ళు మందుకు అలవాటు పడిపోయింది, అందుకే అది పనిచేయడం లేదని చాలామంది అంటారు. అదే సర్వేలో 76 శాతం మంది ఇలాగే అనుకున్నారు. నిజానికి మందును తట్టుకోవడం నేర్చేది శరీరం కాదు, బ్యాక్టీరియా. కోట్ల బ్యాక్టీరియాలో కొన్నిటికి జన్యు మార్పుల వల్ల ఆ శక్తి వస్తుంది. మందు పడగానే మిగతావి చచ్చిపోతాయి, ఇవి బతికి పెరుగుతాయి. పైగా ఆ జన్యువులను వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలవు. జలుబుకు వేసుకున్న యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు గానీ, పేగుల్లోని బ్యాక్టీరియా మీద మాత్రం ఈ పనంతా చేస్తుంది. అలా మందుకు లొంగకుండా మిగిలినవి చేతుల ద్వారా, నీటి ద్వారా ఇంట్లోవాళ్ళకూ ఇరుగుపొరుగుకూ చేరతాయి. ఏనాడూ యాంటీబయాటిక్ వాడని మనిషికి కూడా మొండి ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అందువల్ల నా ఒళ్ళు, నా మందు అనే లెక్క ఇక్కడ చెల్లదు.

బ్యాక్టీరియా మందులకు లొంగకుండా పోవడానికి టైఫాయిడ్ మంచి ఉదాహరణ. దానికి ఒకప్పుడు క్లోరాంఫెనికాల్ తిరుగులేని మందు. అది పనిచేయడం తగ్గాక సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది. నేడు భారతదేశంలో ఎక్కువ టైఫాయిడ్ కేసుల్లో అదీ నమ్మదగిన మందు కాదు. మరోవైపు విడాల్ అనే ఒక్క రక్తపరీక్ష చూసి టైఫాయిడ్ తేలిందని మందులు మొదలుపెట్టడం పరిపాటి. వెనుకటి ఇన్‌ఫెక్షన్ వల్ల, టీకా వల్ల కూడా ఆ పరీక్ష పాజిటివ్ చూపవచ్చు. రక్తాన్ని కల్చర్ చేయించడం అంతకన్నా నమ్మదగిన పద్ధతి.

పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే, చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా పోతాయని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక నిజమైంది. మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు నేరుగా కారణమైందని అంచనా. ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్స, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంరక్షణ, అన్నీ పనిచేసే యాంటీబయాటిక్‌ల మీదే ఆధారపడి ఉన్నాయి.

చట్టం లేకపోలేదు. మందుల నిబంధనల్లో 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 అనే జాబితా ప్రకారం, ఆ జాబితాలోని యాంటీబయాటిక్‌లు అమ్మే షాపు రోగి పేరు, రాసిన డాక్టరు వివరాలు, మందు పేరు, పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. స్ట్రిప్పు మీద నిలువుగా ఉండే ఎర్ర గీత అర్థమేమిటో చెప్పడానికి 2016లో కేంద్రం ప్రచారం చేపట్టింది. ఆ గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని అర్థం. అయితే వెంటనే తగ్గించేవాడే మంచి డాక్టరు అనే ధోరణి ఉన్నంతకాలం, రోగిని పోగొట్టుకోకూడదని అవసరం లేని మందు రాసేవాళ్ళూ, చీటీ లేకుండా ఇచ్చేవాళ్ళూ ఉంటూనే ఉంటారు.

యాంటీబయాటిక్ అంటే భయపడాల్సిన పని లేదు. న్యుమోనియా, క్షయ, రక్తానికి పాకిన ఇన్‌ఫెక్షన్ వంటి వాటిలో అది ప్రాణం నిలబెడుతుంది, ఆలస్యమే ప్రమాదం. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా, పిల్లలు నీళ్ళు తాగలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మామూలు జలుబుకు విశ్రాంతి, నీళ్ళు, అవసరమైతే పారాసెటమాల్ చాలు. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే ఎందుకో, ఎన్ని రోజులో అడగండి, చెప్పినన్ని రోజులూ వాడండి. రాయకపోతే రాయమని పట్టుబట్టకండి.