పిల్లల మనోవేదన: టాటానగర్ తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసినవి

ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి జంషెడ్‌పూర్‌కు తరలివెళ్లిన తెలుగువారిలో అనేక కుటుంబాలు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. ఆ ఇళ్లలోని పిల్లలు బడిలో హిందీ మాట్లాడతారు, పరీక్షలు ఆంగ్లంలో రాస్తారు, నాయనమ్మతో తెలుగులో కబుర్లు చెబుతారు. అయితే మనసుకు కష్టం కలిగినప్పుడు దానిని ఏ భాషలో, ఎవరితో చెప్పుకోవాలో చాలామందికి తెలియదు. తండ్రి షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయే రోజులూ ఉంటాయి.

ఈ సమస్య ఒక్క ఊరిది కాదు. ప్రపంచవ్యాప్తంగా 10 నుంచి 19 ఏళ్ల వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 13 నుంచి 17 ఏళ్ల వారిలో ఇది 7.3 శాతం.

గుర్తించడం ఎలా?

పిల్లలు తమ బాధను మాటల్లో చెప్పడం అరుదు. తరచూ వచ్చే తలనొప్పి, కడుపునొప్పి, బడికి వెళ్లనని మారాం చేయడం వంటి రూపాల్లో అది బయటపడుతుంది. నిద్ర, ఆకలి మారడం, స్నేహితులకు దూరం కావడం, ఇష్టమైన ఆటను విడిచిపెట్టడం, అకారణమైన కోపం, చదువులో ఒక్కసారిగా వెనుకబడటం వంటి మార్పులు రెండు వారాలకు మించి కొనసాగితే పెద్దలు శ్రద్ధ వహించాలి. చనిపోవాలని ఉందన్న మాట ఒక్కసారి వినిపించినా తేలికగా తీసుకోరాదు.

ఆ ఆలోచన ఉన్నదా అని సూటిగా అడిగితే లేనిపోని తలంపు కలుగుతుందని పెద్దలు సందేహిస్తారు. అది అపోహ అని నిపుణులు స్పష్టం చేస్తున్నారు. అడగడం వల్ల పిల్లల మనోభారం తగ్గే అవకాశమే ఎక్కువ. అటువంటి సమయంలో పిల్లలను ఒంటరిగా విడిచిపెట్టక, హాని కలిగించే వస్తువులను అందకుండా ఉంచి, వెంటనే వైద్య సహాయం పొందాలి.

ఇంట్లో చేయదగినది

సలహాకు ముందు వినడం అవసరం. ‘మా కాలంలో ఇవేవీ లేవు’ అన్న మాట సంభాషణను అక్కడితో ముగిస్తుంది. పక్కింటి పిల్లల మార్కులతో పోల్చడం కూడా అంతే. షిఫ్టు వేళలు ఎలా ఉన్నా, రోజుకు కొంతసేపు చదువు ప్రస్తావన లేకుండా పిల్లలతో గడపడం మేలు చేస్తుంది. తల్లి దిగులుతోనో, తండ్రి మద్యంతోనో సతమతమవుతున్న ఇంట్లో పిల్లలకు మాత్రమే చికిత్స చేయిస్తే సరిపోదు. పెద్దలూ సహాయం పొందాలి.

సహాయం ఎక్కడ?

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. భాషను ఎంచుకునే వీలున్నందున జంషెడ్‌పూర్‌లోని తెలుగు తల్లి తన బాధను తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. నగరంలో 2006 నుంచి ‘జీవన్’ ఆత్మహత్యల నివారణ కేంద్రం సేవలందిస్తోంది. తీవ్రమైన సమస్యలకు సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని రాంచీలో, 1918లో ఏర్పడిన కేంద్రీయ మనశ్చికిత్సా సంస్థ ఉంది. అక్కడ పిల్లలకు ప్రత్యేక విభాగం పనిచేస్తోంది.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయరాదు. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగా పరిగణించాలే తప్ప శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశిస్తోంది.

బడుల బాధ్యత

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు జారీ చేసింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హతగల కౌన్సెలర్‌ను నియమించాలి. మార్కులను బట్టి విద్యార్థులను వేరు వేరు బ్యాచ్‌లుగా విడదీయరాదు. సహాయ నంబర్లను అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. తమ పిల్లల బడిలో ఇవి అమలవుతున్నాయా అని తల్లిదండ్రులు నిస్సంకోచంగా అడగవచ్చు.

జ్వరం వస్తే వైద్యుని వద్దకు తీసుకువెళ్లడానికి ఏ కుటుంబమూ సిగ్గుపడదు. మనసు నలిగిన పిల్లల విషయంలోనూ అదే తొందర అవసరం.