వాత్సల్యం, వాటా, వివక్ష: మదనపల్లె, పుంగనూరు, కుప్పం నేపథ్యంలో లింగపక్షపాత సామాజిక మనోవిజ్ఞానం

వ్యాససంగ్రహం

లింగపక్షపాతం అనగానే స్త్రీల పట్ల ద్వేషమో, తిరస్కారమో స్ఫురించడం సహజం. స్త్రీలను ప్రేమిస్తూ, కాపాడుతూ, గౌరవిస్తూనే వారి వాటాను తగ్గించే పక్షపాతం అంతకంటే విస్తృతమైనది, గుర్తించడానికి కష్టమైనది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతంలోని మూడు పట్టణాల చరిత్ర, శ్రమవిభజన, భాష, ఆస్తిచట్టాల ఆధారంగా ఈ వ్యాసం దాని పనితీరును వివరిస్తుంది.

కీలక పదాలు: లింగపక్షపాతం, వాత్సల్య వివక్ష, సామాజిక పాత్ర, వ్యవస్థాసమర్థన, మహద్వాచకం, ఆడబిడ్డల ఆస్తిహక్కు

1. మదనపల్లె: ఒక సమాజం పేరు

1917 మే నెలలో మద్రాసు అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఏర్పడింది. అనీ బిసెంట్ దానికి అధ్యక్షురాలు. మార్గరెట్ కజిన్స్, డొరతీ జినరాజదాస దాని నిర్మాణానికి పూనుకున్నవారిలో ముఖ్యులు. ఈ సంస్థకు పూర్వరంగం మదనపల్లెలో కనిపిస్తుంది. అక్కడి దివ్యజ్ఞాన సమాజ విద్యాసంస్థలతో సంబంధమున్న స్త్రీలు అంతకు ముందే ఒక సంఘంగా కూడేవారు. ఆ సంఘం పేరు అబలాభివర్ధనీ సమాజం.

ఈ పేరు దగ్గర ఆగవలసి ఉంది. 'అబల' అంటే బలం లేనిది. ఆనాటి శిష్టభాషలో అది తిట్టు కాదు. స్త్రీకి మర్యాదగల పర్యాయపదం. స్త్రీల ఉన్నతిని కోరిన సంఘమే వారి బలహీనతను తన పేరులో ధరించింది. పేరు పెట్టినవారి సద్భావాన్ని శంకించనవసరం లేదు. అభివృద్ధికి అర్హత సంపాదించడానికి ముందుగా దుర్బలత్వాన్ని ఒప్పుకోవలసి రావడమే ఇక్కడ గమనించవలసిన అంశం.

ఇటువంటి వైఖరిని సామాజిక మనోవిజ్ఞానం చాలాకాలం పక్షపాతంగా లెక్కించలేదు. 1954లో వెలువడిన గోర్డన్ ఆల్‌పోర్ట్ ప్రసిద్ధ గ్రంథం నుంచి పక్షపాతం ప్రధానంగా వైరభావంగానే చర్చకు వచ్చింది. స్త్రీల విషయంలో ఈ నిర్వచనం చాలదు. స్త్రీపురుషులు ఒకే ఇంట్లో, పరస్పరాధారంతో, ప్రేమతో జీవిస్తారు. అయినా అధికారం సమానంగా ఉండదు. పీటర్ గ్లిక్, సుసాన్ ఫిస్క్ 1996లో 22 అంశాల మాపకాన్ని ప్రతిపాదించి ఈ చిక్కును విడదీశారు. వారి ప్రకారం లింగవివక్షకు రెండు ముఖాలున్నాయి. మొదటిది శత్రుభావ వివక్ష: స్త్రీ హద్దు మీరుతున్నదని, పురుషుడిపై పెత్తనం కోరుతున్నదని అనుమానించడం. రెండవది వాత్సల్య వివక్ష: స్త్రీ సుకుమారి, పవిత్రురాలు, పురుషుని రక్షణలో ఉండవలసినది అని ఆదరించడం. ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా కనిపించినా ఒకదానికొకటి తోడుగా నిలుస్తాయి. చెప్పిన హద్దులో ఉన్న స్త్రీకి వాత్సల్యం, దాటిన స్త్రీకి శత్రుభావం దక్కుతాయి.

ఇదే పరిశోధకులు ఇతరులతో కలిసి 2000లో 19 దేశాల సమాచారాన్ని ప్రచురించారు. భారతదేశం ఆ జాబితాలో లేదు కాబట్టి ఫలితాలను యథాతథంగా ఇక్కడికి అన్వయించడం తగదు. అయినా ఒక ఫలితం ఆలోచింపజేస్తుంది. పురుషులలో శత్రుభావం అధికంగా ఉన్న దేశాలలో స్త్రీలు వాత్సల్య వివక్షను పురుషులతో సమానంగా, కొన్నిచోట్ల అంతకు మించి అంగీకరించారు. బయట ప్రమాదం పెరిగినకొద్దీ రక్షకుని అవసరం పెరుగుతుంది. రక్షణ వెల కూడా సహజంగా తోస్తుంది.

మార్గరెట్ కజిన్స్ స్మృతి ఇందుకు మరో ఉదాహరణ. 1908లో ఐర్లండులో స్త్రీల ఓటుహక్కు సంఘాన్ని స్థాపించినవారిలో ఆమె ఒకరు, ఆ ఉద్యమంలో జైలుకు వెళ్లారు, సంగీతంలో పట్టభద్రురాలు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో బస చేసినప్పుడు 'జనగణమన'కు స్వరలేఖనం చేసినది ఆమే. పట్టణ చరిత్రను చెప్పేవారు ఆమెను తరచుగా కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ సతీమణిగా, గీతానికి బాణీ కుదిర్చిన విదుషిగా పరిచయం చేస్తారు. రెండూ నిజాలే, రెండూ గౌరవవాక్యాలే. ఓటుహక్కు వినతిపత్రం రాసిన రాజకీయ కార్యకర్త మాత్రం ఆ పరిచయంలో వెనుకబడుతుంది. సంగీతం స్త్రీకి సమాజం కేటాయించిన చోటులో ఇమిడినంత సులువుగా రాజకీయం ఇమడదు.

ఆ వినతిపత్రంతో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల ప్రతినిధివర్గం 1917 డిసెంబరు 18న మద్రాసులో మాంటేగును కలిసింది. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటుపై ఉన్న లింగనిషేధాన్ని తొలగించింది. బ్రిటిషిండియా రాష్ట్రాలలో ఇది మొదటిది. అయితే ఓటుకు ఆస్తి అర్హత అలాగే మిగిలింది. స్త్రీ అన్న కారణంగా ఓటు నిరాకరించలేదు. ఆస్తి లేదన్న కారణంగా అత్యధిక స్త్రీలకు ఓటు దక్కలేదు. ఆస్తి ఎందుకు లేదన్న ప్రశ్న శాసనమండలి ముందుకు రాలేదు. ఆ ప్రశ్న మిగిలిన రెండు పట్టణాలకు దారి తీస్తుంది.

2. పుంగనూరు: రైతు ఎవరు?

పుంగనూరు పేరు పొట్టి ఆవు జాతి వల్ల దేశమంతటా తెలుసు. పలమనేరులోని పశుపరిశోధన కేంద్రం ఆ జాతిని సంరక్షిస్తున్నది. ఈ మెట్టప్రాంతంలో ఆవును మేపడం, కడగడం, పాలు పితకడం, పేడ ఎత్తడం ఎక్కువగా ఆడవారి చేతుల మీదుగానే జరుగుతాయి. వేరుశనగ చేలో కలుపు తీయడం, కాయలు వలవడం ఆడకూలి. మడక దున్నడం మగకూలి. 'ఆడకూలి', 'మగకూలి' అన్న మాటలు పనిని మాత్రమే కాక రేటును కూడా సూచిస్తాయి. 1976 నాటి సమాన వేతన చట్టం ఈ మాటలను వాడుక నుంచి తొలగించలేకపోయింది.

పని విభజన నుంచి స్వభావాల గురించిన నమ్మకం ఎలా పుడుతుందో ఆలిస్ ఈగ్లీ 1987లో సామాజిక పాత్ర సిద్ధాంతంగా వివరించారు. వంగి ఓపికగా కలుపు తీసేవారు ఎప్పుడూ ఆడవారే కావడం చూసిన మనసు, ఓపిక స్త్రీస్వభావమని నిర్ణయిస్తుంది. తరువాత ఆ స్వభావమే పని విభజనకు కారణమని చెబుతుంది. 1990లో హాఫ్‌మన్, హర్స్ట్ అనే పరిశోధకులు ఒక కల్పిత గ్రహంలోని రెండు సమూహాలను విద్యార్థులకు వర్ణించారు. ఒక సమూహంలో ఎక్కువమంది పిల్లల్ని పెంచుతారు, రెండవదానిలో ఎక్కువమంది నగరంలో ఉద్యోగాలు చేస్తారు. స్వభావాలలో సగటున భేదం లేదని వర్ణనలు చూపినా, విద్యార్థులు మొదటివారికి ఆప్యాయతను, రెండవవారికి చొరవను అంటగట్టారు. ఎన్నడూ చూడని జీవుల విషయంలోనే ఇలా జరిగితే, రోజూ చూసే చేను విషయంలో వేరుగా జరుగుతుందని ఆశించలేము.

ఇంటి లోపలి శ్రమకు జాతీయస్థాయి లెక్క ఉంది. 2019 కాలవినియోగ సర్వే ప్రకారం వేతనం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అసలు అందులో పాల్గొన్నవారే పురుషులలో 26.1 శాతం, స్త్రీలలో 81.2 శాతం. ఇంత శ్రమ తరువాత కూడా 'రైతు' అన్న మాట వినగానే మనసులో మెదిలేది తలపాగా చుట్టిన పురుషుడే. కార్యాలయపు లెక్క కూడా అదే: పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వారే రైతు, తక్కినవారు రైతు భార్యలు. పక్షపాతం ఇక్కడ ఎవరి అభిప్రాయంలోనూ ఉండనవసరం లేదు. కాగితంలో ఉంటే చాలు.

3. కుప్పం: మూడు భాషల నడుమ

పేరు ఎవరిదన్న ప్రశ్న భాషకూ వర్తిస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం కలిసే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. లింగపక్షపాతంలో భాష పాత్రను పరిశీలించడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకడం కష్టం. తమిళ, కన్నడ క్రియలు ఏకవచనంలో పురుషుణ్ణి, స్త్రీని, మనుష్యేతరాన్ని మూడు రూపాలతో వేరుచేస్తాయి. తెలుగులో 'అతడు వచ్చాడు' ఒక రూపం. 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది', 'బస్సు వచ్చింది' మరొక రూపం. స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడాలను మినహాయించగా మిగిలినవే మహద్వాచకాలని చిన్నయసూరి బాలవ్యాకరణం నిర్వచించింది. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో చేరి 'వచ్చారు' అవుతారు.

ఈ వ్యాకరణమే తెలుగువారి లింగవివక్షకు మూలమన్న వాదం ఆకర్షణీయమైనది, తొందరపాటుతో కూడినది. భాషలోని లింగవ్యవస్థకూ సమానత్వ సూచికలకూ మధ్య సంబంధాన్ని 2012లో ప్రీవిట్-ఫ్రైలినో బృందం 111 దేశాలను పోల్చి పరిశీలించింది. నామవాచకాలన్నిటికీ లింగం ఉన్న భాషల దేశాలలో సమానత్వం తక్కువని చెప్పింది. సహసంబంధం కారణం కాదన్న పాఠం ఇక్కడ గుర్తుంచుకోవాలి. వ్యాకరణమే నిర్ణేత అయితే కుప్పం సంతలో తమిళ, కన్నడ కుటుంబాలు ఆడబిడ్డల పట్ల తెలుగు కుటుంబాలకంటే భిన్నంగా ప్రవర్తించాలి. స్త్రీకి ప్రత్యేక క్రియారూపం లేని తెలుగు రాష్ట్రమే కూతురికి ఆస్తిహక్కు చట్టాన్ని ఆ పొరుగు రాష్ట్రాలకంటే ముందుగా చేసిందన్న సంగతి కూడా ఆ వాదానికి అనుకూలం కాదు.

వ్యాకరణం విధించినదానికంటే వక్త ఎంచుకున్నది ఎక్కువ చెబుతుంది. 'వచ్చింది' విధి, 'వచ్చారు' ఎంపిక. అనేక తెలుగు ఇళ్లలో 'నాన్న వచ్చారు', 'అమ్మ వచ్చింది'. నాన్న 'మీరు', అమ్మ 'నువ్వు'. అడిగితే, అమ్మ దగ్గర చనువు ఎక్కువ అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు అబద్ధం కాదు. కానీ చనువుతో పాటు గౌరవవాచకం పోయింది. ప్రేమ పెరగడం, స్థాయి తగ్గడం ఒకే క్రియారూపంలో జరిగాయి. గ్లిక్, ఫిస్క్‌ల వాత్సల్య వివక్షకు తెలుగులో ఇంతకంటే చిన్న ఉదాహరణ ఉండదు.

4. సరిహద్దులో కూతురి వాటా

1956 హిందూ వారసత్వ చట్టం మితాక్షర ఉమ్మడి ఆస్తిలో కొడుకుకు పుట్టుకతో హక్కును అలాగే ఉంచి, కూతురికి తండ్రి భాగంలో వాటాను మాత్రమే ఇచ్చింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురిని కూడా పుట్టుకతోనే హక్కుదారును చేసింది. ఆ తేదీకి ముందే పెళ్లయినవారిని మినహాయించింది. తమిళనాడులో ఇటువంటి సవరణ 1989 మార్చి 25 నుంచి, కర్ణాటకలో 1994 జులై 30 నుంచి అమలైంది. కుప్పానికి ఒకవైపు కృష్ణగిరి, మరొకవైపు కోలారు ప్రాంతాలు. 1987లో కుప్పంలోని అవివాహిత కూతురికి ఉన్న హక్కు సరిహద్దుకు అవతలి మేనమామ కూతురికి లేదు. ఈ తేడాలను 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ తొలగించింది. హక్కు పుట్టుకతోనే వస్తుంది కాబట్టి ఆనాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

1985 మినహాయింపు వెనుక ఉన్న మనస్తత్వం ఆసక్తికరం. పెళ్లయిన కొడుకు హక్కు కోల్పోడు. పెళ్లయిన కూతురు కోల్పోయింది. కట్నంగా, పసుపు కుంకుమల కింద ఆమెకు ఇవ్వవలసినది ఇచ్చేశామన్న భావన చట్టంలోకి కూడా ప్రవేశించింది. పసుపు కుంకుమ వాత్సల్యచిహ్నం. ఎంత ఇవ్వాలో ఇచ్చేవారే నిర్ణయిస్తారు, పుచ్చుకునేవారు లెక్క అడగరు. వాటాకు కొలత ఉంటుంది, కానుకకు ఉండదు.

5. సంతకం ఎందుకు పెడుతుంది?

చట్టం వచ్చిన తరువాత కూడా అన్నదమ్ముల పేరున హక్కు విడుదల పత్రంపై ఆడపడుచు సంతకం చేయడం సుపరిచితమైన ఆచారం. దీనికి రెండు వివరణలు పోటీపడుతున్నాయి. జాస్ట్, బనాజీ 1994లో ప్రతిపాదించిన వ్యవస్థాసమర్థన సిద్ధాంతం ప్రకారం, నష్టపోతున్నవారు సైతం ఉన్న వ్యవస్థ న్యాయమైనదేనని నమ్మడంలో ఊరట పొందుతారు. బీనా అగర్వాల్ అదే ఏడాది వెలువరించిన గ్రంథంలో భిన్నంగా వాదించారు: భర్తతో చెడినా, వైధవ్యం వచ్చినా ఆదుకునే పుట్టింటిని నిలుపుకోవడానికి స్త్రీలు భూమిని వదులుకుంటారు, ఇది భ్రమ కాదు, బీమా.

అగర్వాల్ వాదానికే ఎక్కువ బలముంది. వాటా అడిగిన ఆడపడుచుకు పండుగ పిలుపు, సారె, బిడ్డల శుభకార్యాలలో మేనమామ రాక ఆగిపోయే ప్రమాదం ఊహ కాదు. 'అన్నదమ్ముల మీద కేసు వేసింది' అన్న ముద్ర ఊరంతా పాకుతుంది. వాత్సల్యం శత్రుభావంగా మారే క్షణం అదే. అయినా బీమా వాదం ఒక ప్రశ్నను వదిలేస్తుంది. తన కాళ్లపై నిలబడిన, పుట్టింటి ఆదరువు అక్కరలేని ఉద్యోగిని సంతకం ఎందుకు పెడుతుంది? అక్కడ వ్యవస్థాసమర్థన అవసరమవుతుంది.

మూడవ సాధ్యత కూడా ఉంది. సౌదీ అరేబియాలో బుర్స్‌టిన్ బృందం చేసి 2020లో ప్రచురించిన ప్రయోగంలో, స్త్రీలు బయట ఉద్యోగం చేయడాన్ని అత్యధిక యువభర్తలు సొంతంగా సమర్థించారు. తోటి పురుషులు మాత్రం సమర్థించరని పొరబడ్డారు. నిజం తెలిపాక, తమ భార్యలను ఉద్యోగసేవలో నమోదు చేయించేవారి సంఖ్య పెరిగింది. చెల్లెలికి భాగం ఇవ్వడానికి మనసున్న అన్నలు తక్కిన అన్నలు ఏమనుకుంటారోనని ఆగిపోతున్నారా అన్నది ఈ మూడు పట్టణాలలో అడిగి తెలుసుకోదగిన ప్రశ్న. ప్రశ్నావళి విడివిడిగా, గోప్యంగా ఉండాలి. అన్నదమ్ముల ఎదుట వచ్చే జవాబు ఆచారం చెప్పే జవాబే అవుతుంది.

ప్రశ్నావళికి ముందు దస్తావేజులున్నాయి. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదన్న నియమానికి 1872 కాంట్రాక్టు చట్టంలోని 25వ సెక్షను ఒక మినహాయింపు ఇచ్చింది: దగ్గరి బంధువుల మధ్య సహజమైన ప్రేమాభిమానాల వల్ల రాతపూర్వకంగా, రిజిస్టరుగా చేసుకున్నదైతే చెల్లుతుంది. కుటుంబ దస్తావేజులలో 'ప్రేమాభిమానములచేత' అన్న పదబంధం లేఖరులకు కంఠస్థం. మూడు పట్టణాల సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలలో 1985 తరువాతి పత్రాలను వరుసగా చదివి, ఆ పదబంధం కింద సంతకం చేసినవారిలో అక్కచెల్లెళ్లు ఎందరో, అన్నదమ్ములు ఎందరో లెక్కించే పని ఇంకా మిగిలే ఉంది.